వాంకూవర్ పాటలో మన తబలా

ప్రశ్న: ఎనిమిదో తరగతి చదువుతున్న మా అబ్బాయితో కలిసి సెలవు రోజున ఇంట్లో ‘సోనిక్ ది హెడ్జ్‌హాగ్’ సినిమా చూశాను. ప్రతినాయకుడి వేషం వేసిన జిమ్ క్యారీ తన ప్రయోగశాలలో ఒంటరిగా నాట్యం చేసేటప్పుడు వచ్చే పాత పాట నాకు ఎంతో నచ్చింది. అది ‘పాపీ ఫ్యామిలీ’ అనే కెనడా జట్టు పాటని, ఆ జట్టులో సత్వంత్ సింగ్ అనే తబలా కళాకారుడు ఉండేవారని మా అబ్బాయి ఫోనులో వెతికి చెప్పాడు. మా నాన్నగారు విజయనగరం చుట్టుపక్కల పద్యనాటకాలకు పాతికేళ్లు తబలా వాయించారు. అందువల్ల ఈ సంగతి నా మనసులోంచి పోవడం లేదు. ఆ జట్టు కథ ఏమిటి? అందులోకి తబలా ఎలా వచ్చింది? ‘పాపీ’ అంటే నల్లమందు మొక్క కదా, ఆ పేరు గురించి పిల్లవాడు అడిగితే ఏమని చెప్పాలి?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: పేరుతోనే మొదలుపెడదాం, ఎందుకంటే అది మీరు అనుకున్నంత ఇబ్బందికరమైనది కాదు. వృక్షశాస్త్రంలో మొక్కలను కుటుంబాలుగా విభజిస్తారు. గసగసాల మొక్క ఏ కుటుంబానికి చెందుతుందో ఆ కుటుంబానికి ఇంగ్లీషులో వాడుక పేరు ‘పాపీ ఫ్యామిలీ’. ఆ రోజుల్లో ఆ పేరు వినగానే నల్లమందు తలపుకు వచ్చినవారు ఉండే ఉంటారు. అది హిప్పీల కాలం, అలాంటి ధ్వనిని కోరుకున్న శ్రోతలకు కొదవ లేదు. అయితే కెనడా వారికి పాపీ పువ్వుతో మరో అనుబంధం కూడా ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన సైనికుల జ్ఞాపకంగా ఏటా నవంబరు 11న అక్కడ చొక్కాలకు ఎర్రని పాపీ పువ్వు గుర్తు పెట్టుకుంటారు. ఇక ఈ జట్టు రెండో ఆల్బం పేరు ‘పాపీ సీడ్స్’, అంటే అచ్చంగా మన వంటింటి గసగసాలు. మీ అబ్బాయికి పోపుల డబ్బా పక్కనున్న గసగసాల సీసా చూపించి చెప్పండి, చక్కగా అర్థమవుతుంది.

ఇప్పుడు జట్టు సంగతి. కెనడా పశ్చిమ తీరంలోని వాంకూవర్ నగరంలో 1960ల రెండో సగంలో ఇది పుట్టింది. టెర్రీ జాక్స్ 1944లో విన్నిపెగ్‌లో పుట్టి, వాంకూవర్‌లో ‘ది చెస్‌మెన్’ అనే కుర్రవాళ్ల జట్టులో గిటారు వాయిస్తూ పాటలు రాయడం నేర్చుకున్నారు. సూసన్ పెస్క్లెవిట్స్ 1948లో సస్కటూన్‌లో పుట్టి, చిన్న వయసులోనే టెలివిజన్ సంగీత కార్యక్రమాల్లో పాడి పేరు తెచ్చుకున్న గాయని. ఇద్దరూ కలిసి పాడడం మొదలుపెట్టి, 1967లో పెళ్లి చేసుకున్నారు. గిటారుకు క్రెయిగ్ మెక్‌కా, తబలాకు సత్వంత్ సింగ్ వచ్చి చేరడంతో నలుగురి జట్టు అయింది. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ కాలపు పాప్ జట్టు అంటే వేదిక వెనుక భాగమంతా ఆక్రమించే డ్రమ్స్ లేకుండా ఊహించుకోవడం కష్టం. అలాంటిది, ఆ చోట ఒక మనిషి తన ముందు తబలా జోడీ పెట్టుకుని కూర్చున్నాడు. తాళం బాధ్యత మొత్తం ఆ రెండు చేతుల మీద ఉంది.

తబలా అక్కడికి ఎలా వచ్చిందన్న మీ ప్రశ్నకు రెండు దారుల్లో జవాబు చెప్పాలి. మొదటిది అందరికీ తెలిసిందే. 1965లో బీటిల్స్ తమ పాటలో సితార్ వినిపించారు. 1967లో కాలిఫోర్నియాలోని మాంటెరే ఉత్సవంలో రవిశంకర్ సితార్‌కు అల్లా రఖా తబలా సహకారం అందించినప్పుడు రాక్ శ్రోతలు గంటల తరబడి కదలకుండా విన్నారు. ఆ తరువాత మన వాద్యాలు పాశ్చాత్య స్టూడియోల్లోకి వెళ్లాయి. చాలామంది విషయంలో అది కొద్దికాలపు మోజుగానే మిగిలింది, కూర మీద కొత్తిమీర చల్లినట్టు పాట మీద నాలుగు సితార్ స్వరాలు చల్లేవారు. రెండో దారి వాంకూవర్‌కు ప్రత్యేకమైనది, నాకు ఎక్కువ ముఖ్యమైనదిగా తోచేది కూడా అదే. పంజాబీలు ఆ తీరానికి 1900ల తొలి సంవత్సరాల నుంచే వెళ్లారు. కలప మిల్లుల్లో పనిచేశారు, గురుద్వారా కట్టుకున్నారు. గురుద్వారాలో కీర్తన అంటే హార్మోనియం, తబలా ఉండవలసిందే. 1914లో 376 మంది భారతీయ ప్రయాణికులతో వచ్చిన కొమగట మారు ఓడను ఇదే వాంకూవర్ రేవులో రెండు నెలల పాటు నిలిపివేసి, కొద్దిమందిని మాత్రమే దిగనిచ్చి, మిగిలిన అందరినీ వెనక్కి పంపేశారు. వాంకూవర్ ఉన్న బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో భారత సంతతి వారికి ఓటు హక్కు వచ్చింది 1947లో. ఆ ఓటు హక్కు వచ్చిన పాతికేళ్లలోపే, అదే నగరం నుంచి బయలుదేరిన ఒక పాప్ జట్టులో ఒక సింగ్ గారు సాటి సభ్యుడిగా కూర్చుని వాయించడాన్ని మోజుగా మాత్రమే చూడడం నాకు సమ్మతం కాదు.

ఈ జట్టుకు ప్రపంచ ప్రసిద్ధి తెచ్చిన పాట ‘విచ్ వే యూ గోయిన్, బిల్లీ?’. టెర్రీ రాసిన ఈ పాట 1969లో కెనడాలోనూ, 1970లో అమెరికాలోనూ మారుమోగింది. అమెరికాలో పాటల జనాదరణను లెక్కించే బిల్‌బోర్డ్ పట్టికలో రెండో స్థానం వరకు, బ్రిటన్‌లో ఏడో స్థానం వరకు వెళ్లింది. పాటలో విషయం చాలా చిన్నది. వెళ్లిపోతున్న మనిషిని ఒక స్త్రీ ఎటు వెళుతున్నావని, తానూ వెంట రావచ్చునా అని అడుగుతుంది, అంతే. మా మేనమామ విశాఖ పోర్టులో పనిచేసే రోజుల్లో ఒక సరుకు ఓడ సిబ్బంది ఆయనకు కానుకగా ఇచ్చిన కొన్ని రికార్డులలో ఈ పాట ఉన్న 45 ఆర్‌పీఎం పళ్లెం కూడా ఉంది, అది ఇప్పుడు నా దగ్గర ఉంది. మన గాలిలోని ఉప్పుకు, తేమకు దాని కాగితపు తొడుగు అంచులు పొడి పొడిగా రాలిపోతున్నాయి. ముల్లు దించగానే వేయించే శబ్దం కొంతసేపు వినిపించి, దాని వెనుక నుంచి సూసన్ గొంతు వస్తుంది. వేదన పాడుతున్నప్పుడు కూడా ఆమె గొంతు పగలదు, ఏడుపు తెచ్చుకోదు. ఎదుటి మనిషి నిజంగా జవాబు చెబుతాడేమోనని ఆగి అడిగినట్టు, మాట మాటా విడిగా, శుభ్రంగా పలుకుతుంది. వయొలిన్ల బృందం వచ్చి చేరాక పాట బరువెక్కుతుంది కానీ ఆమె మాత్రం గొంతు హెచ్చించదు. మన భావగీతాలు వినే అలవాటున్నవారికి ఈ నిగ్రహం వెంటనే అర్థమవుతుంది.

ఆ విజయం విలువ తెలియాలంటే కెనడా రేడియో పరిస్థితి కొంత చెప్పాలి. అక్కడి రేడియో స్టేషన్లు అప్పట్లో పొరుగునున్న అమెరికా పాటలే ఎక్కువగా వేసేవి. రికార్డు కంపెనీల వ్యాపారమంతా టొరంటో, మాంట్రియల్ నగరాల్లో ఉండేది. వాంకూవర్ నుంచి టొరంటోకు విమాన మార్గంలోనే దాదాపు 3,300 కిలోమీటర్లు. ప్రభుత్వ నియంత్రణ సంస్థ జోక్యం చేసుకుని, ఏఎం రేడియోలో వేసే పాటల్లో 30 శాతం కెనడా పాటలు ఉండాలన్న నిబంధనను 1971 జనవరిలో అమలులోకి తెచ్చింది. ఆ తరువాత వచ్చిన కెనడా జట్లకు ఆ నిబంధన అండగా నిలిచింది. పాపీ ఫ్యామిలీ పాట మాత్రం అంతకు ముందే, ఏ నిబంధనా లేని కాలంలో, దూరపు మూల నుంచి వచ్చి గెలిచింది.

చివరగా మీకు కొంత నిరాశ కలిగించే మాట ఒకటి చెప్పక తప్పదు. మీరు సినిమాలో విన్న ‘వేర్ ఈవిల్ గ్రోస్’ 1971 నాటి పాట, ‘పాపీ సీడ్స్’ ఆల్బంలోది. ఆ ఆల్బం నాటికి క్రెయిగ్ మెక్‌కా, సత్వంత్ సింగ్ ఇద్దరూ జట్టులో లేరు. మీ నాన్నగారి చేతివాద్యం కోసం మీరు వినవలసింది 1969లో వచ్చిన మొదటి ఆల్బం. దానికి కూడా ‘విచ్ వే యూ గోయిన్, బిల్లీ?’ అనే పేరు పెట్టారు. మంచి ఇయర్‌ఫోన్ పెట్టుకుని, మొదటిసారి మాటలు వదిలేసి, తాళం ఒక్కటే పట్టుకుని వినండి.

ప్రశ్న: మేము నలుగురు స్నేహితులం ఇంజినీరింగ్ చదువుతూ ఒక బ్యాండ్ నడుపుతున్నాం. గత నెల మీరు ఈ శీర్షికలో డ్రమ్స్ లేని జట్ల గురించి ఒక మాట రాశారు, అందులో పాపీ ఫ్యామిలీ పేరు చూశాను. మాకు డ్రమ్స్ కొనే స్తోమత లేదు, కానీ తబలా వాయించే మిత్రుడు ఉన్నాడు. బీచ్ రోడ్డులో ఒక కార్యక్రమంలో ప్రయత్నిస్తే అతని వాద్యం ఎవరికీ వినిపించలేదు. వారు ఎలా చేయగలిగారు? అంత మంచి జట్టు రెండు ఆల్బంలకే ఎందుకు ఆగిపోయింది?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: మీ మిత్రుడిది తప్పు కాదు, మైకుది. డ్రమ్స్ కర్రలతో కొట్టే వాద్యం, తబలా వేళ్లతో మాట్లాడే వాద్యం. విద్యుత్ గిటారు, స్పీకర్ల పక్కన, అందులోనూ సముద్రపు గాలి హోరులో, వేళ్ల పలుకు మునిగిపోవడం సహజం. కుడి తబలాకు ఒక మైకు, ఎడమ డగ్గాకు ఒక మైకు విడివిడిగా, చర్మానికి జానెడు దూరంలో పెట్టండి. అంతకంటే ముఖ్యంగా, గిటారు వాయించే మిత్రుడిని తగ్గించి వాయించమనండి. తబలా ఉన్న జట్టులో మిగిలినవారందరూ దానికి చోటు ఇవ్వాలి. పాపీ ఫ్యామిలీ మొదటి ఆల్బంలో నాకు నచ్చే గుణం ఈ చోటు ఇవ్వడమే.

ఇంకొక సంగతి మీకు తెలిసి ఉండాలి. డ్రమ్స్‌ను పాట శ్రుతికి కలపకపోయినా పెద్దగా ఇబ్బంది ఉండదు. తబలా అలా కాదు, దానికి తనదైన స్వరం ఉంది. పాట శ్రుతి మారితే సుత్తితో గట్టాలు, అంటే పక్క తాళ్ల కింద ఉండే చెక్క ముక్కలు, జరిపి సరిచేసుకోవాలి, లేదా మరో కుడి తబలా సిద్ధంగా ఉంచుకోవాలి. మామూలు చర్మవాద్యంపై కొట్టినప్పుడు మూలస్వరంతో పాటు పుట్టే పైస్వరాల కంపన సంఖ్యలు మూలస్వరానికి 1.59 రెట్లు, 2.14 రెట్లు ఇలా పొంతన లేకుండా ఉంటాయి, అందుకే అది మోతలా వినిపిస్తుంది కానీ స్వరంలా వినిపించదు. తబలా, మృదంగాల మధ్యనున్న నల్లని పూత చర్మానికి బరువునిచ్చి ఆ పైస్వరాలను రెండు రెట్లు, మూడు రెట్లు, ఇలా అయిదు వరకు వరుసలో పెడుతుంది. ఈ రహస్యాన్ని వివరిస్తూ సర్ సి.వి. రామన్ 1920లో ‘నేచర్’ పత్రికలో సహ రచయితతో కలిసి వ్యాసం రాశారు. రామన్ తండ్రి మన ఏవీఎన్ కళాశాలలో అధ్యాపకులు. రామన్ ఇక్కడి సెయింట్ అలోషియస్ పాఠశాలలో చదివి పదకొండో ఏట మెట్రిక్యులేషన్ పూర్తి చేశారు. కాబట్టి ఈ ఊరి కుర్రవాళ్లు తబలాను శ్రుతి చేయకుండా వేదిక ఎక్కకూడదని నేను గట్టిగా చెబుతున్నాను. మీ గాయకుడు ఏ శ్రుతిలో పాడతాడో ముందే నిర్ణయించుకుని, వరుసగా ఒకే శ్రుతిలో ఉన్న పాటలు పెట్టుకుంటే మధ్యలో సుత్తి తీయవలసిన అవసరం ఉండదు.

జట్టు ఎందుకు ఆగిపోయిందన్నది పెద్ద ప్రశ్న. ‘విచ్ వే యూ గోయిన్, బిల్లీ?’ తరువాత వచ్చిన ‘దట్స్ వేర్ ఐ వెంట్ రాంగ్’ అమెరికాలో 29వ స్థానం దాకా వెళ్లింది. కాబట్టి శ్రోతలు కాదనడం వల్ల జట్టు ఆగిపోలేదు. నాకు అర్థమైనంతవరకు కారణం జట్టు నిర్మాణంలోనే ఉంది. పాటలు రాసేది, రికార్డులు తయారుచేయించేది, ఎవరు ఉండాలో ఎవరు వెళ్లాలో నిర్ణయించేది ఒక్క టెర్రీ జాక్స్. ఆయనకు స్టూడియోలో పని మీద మక్కువ ఎక్కువ, ఊరూరా తిరిగి కచేరీలు చేయడమంటే ఇష్టం లేదు. ప్రపంచమంతా పాట మారుమోగుతున్నప్పుడు వేదికల మీద కనిపించవలసిన జట్టుకు ఇది చిన్న అడ్డంకి కాదు. సూసన్ గొంతే ఆ జట్టుకు గుర్తింపు, కానీ నిర్ణయాలు మాత్రం ఆమెవి కావు. మిగిలిన ఇద్దరు వెళ్లిపోయాక మిగిలినది ‘ఫ్యామిలీ’ అన్న పేరుకు సరిగ్గా సరిపోయే భార్యాభర్తలు మాత్రమే. ఆ కాపురంలో బీటలు రాగానే జట్టు నిలవడానికి మరో ఆధారం లేకపోయింది. 1972 నాటికి జట్టు ముగిసింది, 1973లో దంపతులు విడాకులు తీసుకున్నారు.

నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెబుతాను. రెండో ఆల్బంలో మంచి పాటలు లేవని కాదు, ‘వేర్ ఈవిల్ గ్రోస్’ యాభై ఏళ్ల తరువాత కూడా ఒక పిల్లల సినిమాలో కొత్తగా వినిపించిందంటే దానిలో సత్తా ఉన్నట్టే. అయినా ఆ జట్టును మిగిలిన వందల జట్ల నుంచి వేరు చేసిన అల్లిక, అంటే సూసన్ గొంతు కింద తబలా, దాని పక్కన మెక్‌కా గిటారు, మొదటి ఆల్బంతోనే తెగిపోయింది. ఈ జట్టును తలచుకునేవారు చాలామంది దంపతుల కథ చెప్పి ఆపేస్తారు. గజ్జె కట్టిన నర్తకిని పొగిడి, మద్దెల వాయించినవాణ్ణి మరిచిపోవడం మనకూ ఉన్న అలవాటే. మీ జట్టులో తబలా మిత్రుడి పేరు పోస్టరు మీద గాయకుడి పేరుతో సమానమైన అక్షరాల్లో వేయించండి.

ప్రశ్న: 1970లలో ఆంధ్ర విశ్వవిద్యాలయం హాస్టల్‌లో ఉన్నప్పుడు ఒక మిత్రుడి టేప్‌రికార్డరులో ‘సీజన్స్ ఇన్ ది సన్’ పాట లెక్కలేనన్ని సార్లు విన్నాను. అది పాడిన టెర్రీ జాక్స్, పాపీ ఫ్యామిలీ టెర్రీ జాక్స్ ఒక్కరేనా? ఆ జట్టు గాయని తరువాత ఏమయ్యారు?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, సీతమ్మధార

జవాబు: ఒక్కరేనండీ. బెల్జియం గాయకుడు జాక్ బ్రెల్ 1961లో ఫ్రెంచిలో రాసి పాడిన గీతానికి అమెరికా కవి రాడ్ మెక్యూన్ చేసిన ఇంగ్లీషు రూపం అది. టెర్రీ దాన్ని మొదట బీచ్ బాయ్స్ జట్టుతో రికార్డు చేయించారు. వారు విడుదల చేయకపోవడంతో, మాటలు కొంత మార్చి తానే పాడి, ‘గోల్డ్‌ఫిష్’ అనే సొంత లేబుల్ మీద కెనడాలో తెచ్చారు. 1974లో అది అమెరికాలో, బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. ‘బిల్లీ’ పాటకు కూడా దక్కని స్థానం అది. అంత పెద్ద విజయం తరువాత కూడా ఆయన కచేరీల వైపు వెళ్లలేదు. తరువాతి కాలంలో బ్రిటిష్ కొలంబియా తీరంలోని కాగితపు గుజ్జు మిల్లులు సముద్రంలోకి వదిలే విషపదార్థాలకు వ్యతిరేకంగా ఏళ్ల తరబడి పోరాడారు. కర్మాగారాల పక్కనే సముద్రాన్ని చూస్తూ బతికే మన విశాఖవాసులకు ఆ పోరాటం విలువ వేరే చెప్పనక్కరలేదు.

సూసన్ జాక్స్ విడాకుల తరువాత కూడా ఆ ఇంటిపేరుతోనే పాడారు. ఒంటరిగా రికార్డులు చేశారు, 1980లలో అమెరికాలోని నాష్‌విల్‌కు వెళ్లి కొంతకాలం పనిచేసి, తిరిగి కెనడాకు వచ్చారు. జట్టులో ఉన్నప్పటి స్థాయి విజయం ఆమెకు మళ్లీ దక్కలేదు, అది ఆమె గొంతుకు జరిగిన అన్యాయమనే నేను అనుకుంటాను. తరువాతి ఏళ్లలో ఆమె మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. 2010లో సోదరుడు తన మూత్రపిండాన్ని దానం చేయగా శస్త్రచికిత్స జరిగింది. ఆ దానంతో మరో పన్నెండేళ్లు బతికి, 2022 ఏప్రిల్ 25న, 73వ ఏట, వాంకూవర్‌కు పక్కనే ఉన్న సర్రే పట్టణంలో కన్నుమూశారు. మీ హాస్టల్ పాట టెర్రీది కాబట్టి, ఈసారి సూసన్ గొంతు కూడా వినాలనిపిస్తే పత్రిక చిరునామాకు ఒక కార్డు రాయండి. మా మేనమామ రికార్డు ఇప్పటికీ తిరుగుతోంది. ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి కూర్చుని వినవచ్చు.